హైదరాబాద్‌లో డోర్ ఫ్యాన్ టెస్టులు చేసిన అనుభవం యూకే ఎయిర్ టెస్టర్ సర్టిఫికెట్‌కి పనికొస్తదా?

లెస్టర్‌లో వరంగల్:
నమస్తే అన్నా, అక్కా అందరికీ. నేను హైదరాబాద్‌లో ఒక ఫైర్ సేఫ్టీ కంపెనీలో మూడేండ్లు చేసిన. మాదాపూర్, గచ్చిబౌలి దిక్కు సర్వర్ రూములకు ఇంటెగ్రిటీ టెస్టులు నా పని. తలుపుకు ఫ్యాన్ బిగించి, గది ఎంత లీకైతున్నదో కొలిచి, మంటలార్పే గ్యాస్ వదిలితే పది నిమిషాలు నిలుస్తదా లేదా అని రిపోర్టు రాసేటోణ్ణి. ఇప్పుడు లెస్టర్‌లో ఎమ్మెస్సీ ఆఖరికొచ్చింది. ఇక్కడ కొత్త ఇండ్లకు ఎయిర్ టెస్ట్ (ఇంట్లకెల్లి గాలి ఎంత లీకైతున్నదో కొలిచేది) తప్పనిసరి అని విన్న. పాత అనుభవం లెక్కలోకి వస్తదా? టెస్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే స్కీముల్ల ఆట్మా మంచిదా, ఎల్మ్‌హర్స్ట్ మంచిదా? సెకండ్ హ్యాండ్ ఫ్యాన్ కొనుక్కొని సొంతంగా మొదలుపెడితే ఎట్లుంటది?

ఇంకొకటి. ఒక వీడియో చూసి లెక్క వేసిన. వరుస మధ్యలో ఉన్న ఇల్లు, లోపల 5 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు, రెండంతస్తులు కలిపి 5.1 మీటర్ల ఎత్తు. 50 పాస్కల్ ఒత్తిడి దగ్గర గంటకు 932 ఘనపు మీటర్ల గాలి పోతున్నది. గోడలు, నేల, పైకప్పు కలిపి ఒక్కో చదరపు మీటరుకు ఎంత లీకో చూస్తే నాకు 6.6 వచ్చింది, వీడియోల ఆయన 4.0 అంటున్నడు. ఎక్కడ తప్పిన?

తెనాలి టు బర్మింగ్‌హామ్:
ముందు మీ లెక్క చూద్దాం, ఎందుకంటే పరీక్షలో మిమ్మల్ని పడగొట్టేది కూడా ఇదే. మీరు ముందు గోడ, వెనక గోడ, నేల, పైకప్పు కలిపి 141 చదరపు మీటర్లు తీసుకున్నారు. పక్కింటితో ఉమ్మడిగా ఉండే గోడలు రెండూ వదిలేశారు. వాటికి అవతల బయటిగాలి లేదు కదా అనుకుని ఉంటారు, నేనూ అలాగే అనుకున్నా. ఇక్కడి పద్ధతిలో అవీ కలపాలి. కలిపితే 233 వస్తుంది. 932ని 233తో భాగించండి, సరిగ్గా 4.0.

2022 జూన్ 15 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త ఇంటికి ఈ అంకె గరిష్ఠం 8, అంతకుముందు 10. కానీ సైట్‌లో 8 గురించి ఎవరూ మాట్లాడరు. డిజైన్‌లో 5 అని రాసుకుని ఉంటారు, అది దాటితే ఇంటి ఎనర్జీ లెక్క మొత్తం మళ్లీ వేసి చూడాలి. ఆ ఇంటికి మీరు 6.6 అని చెబితే, పాపం, బాగున్న ఇంటిని చెడగొట్టినవారవుతారు. సర్వర్ రూములో అంకె మారితే మీ కంపెనీకి ఒక ఫోన్ వచ్చేది. ఇక్కడ ఇంట్లో దిగాల్సిన కుటుంబం ఆగిపోతుంది.

మీ అనుభవం కాగితం మీద ఎవరూ లెక్కపెట్టరు, కానీ చేతికి పనికొస్తుంది. ఫ్యాను, ఫ్రేము, గేజీ మీకు కొత్త కాదు. వేరుగా ఉండేది ఇంటిని సిద్ధం చేయడం. నా టెస్ట్ పని చూడటానికి స్కీమ్ నుంచి మనిషి వచ్చిన రోజు సంగతి చెబుతా. వాల్సాల్ దగ్గర కొత్త ఇల్లు. మెకానికల్ ఫ్యాన్లకు సీలు వేశా, లోపలి తలుపులన్నీ తెరిచి చెక్కముక్కలు పెట్టా, అంతా పద్ధతిగా చేశాననుకున్నా. అంకె మాత్రం ఎంతకీ దిగదు. ఆయన ఏమీ అనకుండా పైకెళ్లి షవర్ జాలీ దగ్గర చెయ్యి పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు, ట్రాపుల్లో (గాలి రాకుండా నీళ్లు నిలిచే గొట్టం వంపుల్లో) నీళ్లే లేవు, డ్రైనేజీ గొట్టంలోంచి గాలి బుసబుస వస్తోంది. రెండు లీటర్ల సీసాలో నీళ్లు తెచ్చి అన్నిట్లో పోస్తే గానీ దారికి రాలేదు. అప్పటినుంచి నా బ్యాగులో ఆ సీసా ఉంటుంది.

సర్టిఫికెట్ అంటారా, ఆట్మా అయినా ఎల్మ్‌హర్స్ట్ అయినా బిల్డింగ్ కంట్రోల్ వాళ్లు (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లు) ఒప్పుకుంటారు. (మొదటి నెలలో మా అమ్మ 'ఆత్మ వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారా' అని అడిగింది.) మీకు ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏ స్కీమ్‌లో ఉంటే అదే మీది, సాధారణంగా ఫీజూ వాళ్లే కడతారు. ఆట్మాలో లెవెల్ 1 అంటే ఇళ్లు, 4000 ఘనపు మీటర్ల లోపు చిన్న కట్టడాలు. అంతకంటే పెద్దవి, ఎత్తయినవి పైలెవెళ్లు, వాటి గురించి ఇప్పుడే ఆలోచించకండి. క్లాసు, రాతపరీక్ష, తర్వాత మీరు టెస్ట్ చేస్తుంటే ఒకరు చూడటం. ఆ ఉమ్మడి గోడల లెక్క గుర్తుంచుకుంటే రాతపరీక్షలో మీకు కష్టమేమీ ఉండదు.

సొంత ఫ్యాన్ మాత్రం వద్దు. అది కొంటే సరిపోదు, గుర్తింపున్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో చూడటం), ఇన్సూరెన్స్, వ్యాన్ అన్నీ మీ నెత్తినే. పైగా స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం కుదరదు. గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక చూసుకోండి.

ఇంకా పెద్ద అడ్డంకి డ్రైవింగ్, ఫ్యాన్ వేసుకుని సైట్లు తిరగాలి కదా. మన ఇండియా లైసెన్సు ఇక్కడికొచ్చిన పన్నెండు నెలల వరకే, దాన్ని ఇక్కడి లైసెన్సుకి మార్చుకునే వీలూ లేదు. ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ రాయాల్సిందే. ఆట్మా కోర్సు కంటే ముందు దానికి అప్లై చేయండి, టెస్ట్ మాన్యువల్ గేర్ల బండి మీదే ఇవ్వండి. సైట్‌లోకి అడుగుపెట్టాలంటే సీఎస్‌సీఎస్ కార్డూ (కట్టడాల సైట్లలో పనిచేసేవాళ్లు చూపించే కార్డు) కావాలి.

హైటెక్ సిటీ మిత్రుడు:
నేను ఇంకా అదే సర్వర్ రూముల్లో ఉన్నా బ్రో. ఇక్కడ ఇళ్లకి ఈ పరీక్ష ఎవరడుగుతారు, కిటికీలు తీసి పెట్టుకోవడమే మన వెంటిలేషన్. మీరు అక్కడ సెటిలైతే నాకూ దారి చెప్పండి.

లెస్టర్‌లో వరంగల్:
అన్నా, పెద్ద దండం. ఉమ్మడి గోడ సంగతి నాకు తట్టనే లేదు. ప్రొవిజనల్‌కి ఇయ్యాలనే అప్లై చేస్తా. ఒక్కటి అడుగుత: టెస్ట్ ఫెయిలైతే సైటోళ్లు ఒత్తిడి చేస్తరా?

తెనాలి టు బర్మింగ్‌హామ్:
చేస్తారు, తమ్ముడూ. పోయినేడాది ఒక సైట్ మేనేజర్ నా ఎదురుగానే గోడకూ నేలకూ మధ్య చీలిక మీద టేప్ అతికించి "ఇప్పుడు తీసుకో" అన్నాడు. ఆ టేప్‌తో అంకె 5.9 నుంచి 4.6కి దిగింది. టెస్ట్ కోసం అతికించి తర్వాత పీకేసే టేప్‌తో సర్టిఫికెట్ ఇవ్వలేనని చెప్పా. మొహం మాడ్చుకున్నాడు. ఫ్యాన్ నడుపుతూనే ఇద్దరం ఇల్లంతా తిరిగాం. బాత్‌టబ్ ప్యానెల్ ఊడదీస్తే వెనక డ్రైనేజీ గొట్టం చుట్టూ నా పిడికిలి పట్టేంత ఖాళీ, దాన్ని ఎవరూ నింపలేదు. వంటింటి కప్‌బోర్డుల వెనకా అదే వరస. ప్లంబర్‌ని పిలిచి రెండూ మూయించారు, మర్నాడు టేప్ లేకుండానే 4.7 వచ్చింది. ఇప్పుడు అదే మేనేజర్ బాత్ ప్యానెల్ బిగించేముందు ఫోటో తీసి నాకు పంపుతున్నాడు.

కోర్సులో ఉమ్మడి గోడ లెక్క వచ్చినప్పుడు ఇక్కడే అడగండి. సీసా సంగతి మర్చిపోకండి.