చర్చ: సరిహద్దు దాటి వచ్చే జట్టుకు టికెట్టు ఎవరు కొనాలి?

పెన్నా_వింగ్ (అనంతపురం)
మన మూడు జిల్లాల జట్లు ఆడుకుంటున్న టచ్ రగ్బీ (పడగొట్టకుండా చేత్తో తాకి ఆపే రగ్బీ) పోటీల్లోకి బళ్లారి, రాయచూరు జట్లను కూడా తీసుకుందామని మాట నడుస్తోంది. ఊళ్లు దగ్గరివే, రాష్ట్రం మాత్రం వేరు. ఇదే పని సముద్రాలు దాటించి చేసిన పెద్ద లీగులున్నాయి. ఆస్ట్రేలియా ఎన్ఆర్ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) 2028 నుంచి పాపువా న్యూ గినీ జట్టును ఆడించబోతోంది. ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో ఫ్రాన్స్ జట్లున్నాయి, కెనడా జట్టు వచ్చి పోయింది. ఎవరు నిలబడ్డారు, ఎవరు చెడ్డారు, ఎందుకు? డబ్బు, ప్రయాణం, షెడ్యూల్ గురించి రాయండి. "క్రేజ్ పెరుగుతుంది" లాంటి మాటలు వద్దు.

బురుజు13 (కర్నూలు)
ముందు తేల్చాల్సింది మీరు శీర్షికలో పెట్టిన ప్రశ్నే. తక్కినవన్నీ దాని వెనకే.

1995లో ఆస్ట్రేలియా పోటీని 16 జట్ల నుంచి 20కి పెంచారు. న్యూజిలాండ్ నుంచి ఆక్లండ్ వారియర్స్, పెర్త్ నుంచి వెస్టర్న్ రెడ్స్ ఆ యేడే వచ్చాయి. తమాషా ఏమంటే సిడ్నీకి ఆక్లండ్ సుమారు 2,150 కిలోమీటర్లు, సొంత దేశంలోని పెర్త్ సుమారు 3,300. అనంతపురం నుంచి విమానం మీద ఢిల్లీకి పోయి మళ్లీ వచ్చినంత, అదీ ఒక వైపుకే. రెడ్స్‌కు పెట్టిన షరతు: మీ ఊరికి వచ్చే జట్ల విమానం ఖర్చు, హోటల్ ఖర్చు మీవే. 1997తో ఆ జట్టు కథ ముగిసింది. అప్పట్లో రెండు పోటీ లీగుల కొట్లాట కూడా ఉంది కాబట్టి తప్పంతా షరతుదే అనలేం. కానీ ఖజానాకు పెద్ద బరువు మాత్రం అదే.

ఇరవై యేళ్ల తర్వాత టొరంటో ఉల్ఫ్‌ప్యాక్‌తో మళ్లీ అదే తప్పు. 2017లో ఇంగ్లండ్ మూడో డివిజన్‌లో చేరింది. కింది డివిజన్లలో ఆడినన్నాళ్లూ టొరంటోకు వచ్చే జట్ల టికెట్లు, బస ఆ క్లబ్బే చూసుకుంది. 2020లో సూపర్ లీగ్‌కు ఎక్కాక టీవీ డబ్బులో వాటా ఇవ్వలేదు.

ఆ లెక్క ఎందుకు తప్పు? సొంతూరి మ్యాచ్ అంటే ఏ క్లబ్బుకైనా గేటు డబ్బు వచ్చే రోజు. అదే రోజు ఎదుటి జట్టు పాతిక ముప్పై మంది ఖర్చు కూడా నెత్తినేసుకుంటే, సొంతూరిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడితే అంత నష్టం. ఇంగ చేయాల్సింది ఒకటే: ఉమ్మడి ఆదాయం పంచే ముందే ప్రయాణం డబ్బు పక్కకు తీసి పెట్టాలి. మిగిలింది పంచుకోవాలి. అప్పుడు దూరం అందరి బరువూ అవుతుంది.

కొత్త_కుందేలు (కడప)
టోక్యో జట్టు సన్‌వుల్వ్స్ కూడా రగ్బీ లీగే కదా, అది కూడా డబ్బు లేకే పోయిందా?

బురుజు13 (కర్నూలు)
కాదప్పా. సన్‌వుల్వ్స్ ఆడింది యూనియన్, అంటే 15 మంది ఆట. ఆ పోటీ సూపర్ రగ్బీ. నేను పైన చెప్పినవన్నీ 13 మంది ఆడే రగ్బీ లీగ్. ఇక్కడ "లీగ్" అనేది పోటీ పేరు కాదు, ఆట పేరే.

ఆట వేరైనా పాఠం మాత్రం మనకు పనికొస్తుంది. 2016లో టోక్యో జట్టును తెచ్చి దక్షిణాఫ్రికా జట్ల గ్రూపులో పడేశారు. ఆ యేడే చేరిన అర్జెంటీనా జట్టు హాగ్వారెస్ కూడా ఆఫ్రికా వైపే. సన్‌వుల్వ్స్ "సొంత" మ్యాచ్‌లు కొన్ని సింగపూర్‌లో ఆడాల్సొచ్చింది. జపాన్ వాళ్లకు సింగపూర్ సొంతూరా? 18 జట్లతో పెట్టిన పోటీ 2018కల్లా 15కు దిగింది. 2020 తర్వాత సన్‌వుల్వ్స్ లేదు. హాగ్వారెస్ 2019లో ఫైనల్‌దాకా వచ్చింది, అయినా 2020 తర్వాత ఆ పోటీలో దానికీ చోటు లేకపోయింది.

గడియారం_గంగన్న (అనంతపురం)
దూరం కంటే దిక్కు ముఖ్యం. ఉత్తర దక్షిణాలుగా పోతే గడియారం పెద్దగా మారదు, తూర్పు పడమరలుగా పోతే మారుతుంది.

యూనియన్‌లోనే చూడండి. 2021లో ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ జట్ల పోటీలోకి దక్షిణాఫ్రికా నుంచి నాలుగు పెద్ద జట్లు వచ్చాయి. రాత్రి విమానమెక్కితే పొద్దుటికి దిగుతారు. కేప్‌టౌన్‌కూ డబ్లిన్‌కూ తేడా వేసవిలో ఒక గంట, చలికాలంలో రెండు గంటలు. నిద్ర చెడదు, టీవీ సమయమూ చెడదు. మొదటి సీజన్ కప్పే కేప్‌టౌన్ జట్టు స్టార్మర్స్ కొట్టింది. టొరంటోకూ ఇంగ్లండ్‌కూ మాత్రం ఐదు గంటల తేడా.

ఎన్ఆర్ఎల్‌కు ఈ తేడాయే ఆదాయం కూడా. మన ఎండాకాలం పోయి వాళ్లకు చలికాలం ఉన్నప్పుడు ఆక్లండ్ సిడ్నీకి రెండు గంటలు ముందు, పెర్త్ రెండు గంటలు వెనక. ఆక్లండ్‌లో రాత్రి 8 గంటల మ్యాచ్ సిడ్నీ టీవీలో సాయంత్రం 6కు పడుతుంది. పెర్త్‌లో సాయంత్రం 6కు మొదలుపెడితే సిడ్నీలో రాత్రి 8. ఒకే శుక్రవారం రెండు మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పడకుండా చూపించొచ్చు. పెర్త్ బేర్స్ అనే కొత్త జట్టును 2027లో దించడానికి ఇదీ ఒక ఆకర్షణే.

పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి బ్రిస్బేన్‌తో గంటల తేడానే లేదు. ఆస్ట్రేలియా ఊరు కెయిర్న్స్ నుంచి సుమారు 840 కిలోమీటర్లే. పైగా ఆ ఊరు కొండల వెనక వాన నీడలో ఉంది, మన అనంతపురం మాదిరే. ఎన్ఆర్ఎల్ ఆడే నెలల్లో ఎక్కువ భాగం అక్కడ వానలు తక్కువ. ఉక్కపోత మాత్రం తప్పదు.

లెక్కల_సారు (కడప)
షెడ్యూల్ సంగతి. జట్లు బేసి సంఖ్యలో ఉంటే ప్రతి రౌండ్‌లో ఒకరు ఖాళీ. 2023లో డాల్ఫిన్స్ 17వ జట్టుగా వచ్చాక ఎన్ఆర్ఎల్ ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు, మూడు ఖాళీ వారాలు పెట్టి 27 రౌండ్లు నడిపింది. రౌండ్‌కు గరిష్ఠంగా 8 మ్యాచ్‌లు. పెర్త్ వస్తే 18, అంటే రౌండ్‌కు 9 మ్యాచ్‌లు, టీవీకి అమ్మడానికి ఒకటి ఎక్కువ. పాపువా న్యూ గినీ వస్తే 19. మళ్లీ బేసి, మ్యాచ్‌లు 9 దగ్గరే ఆగుతాయి. అంటే 19వ జట్టు ఒక్కటే రావడం వల్ల రౌండ్‌కు కొత్త మ్యాచ్ పుట్టదు. ఖర్చు పెరుగుతుంది, అమ్ముకునే సరుకు పెరగదు. 20వ జట్టు మాట అందుకే పదే పదే వస్తుంది.

మన లెక్క కూడా అంతే. ఇప్పుడు 3 జట్లు, బేసి. బళ్లారి ఒక్కటే వస్తే 4: ఒకరితో ఒకరు ఒకసారి ఆడితే 6 మ్యాచ్‌లు, 3 రౌండ్లు, ఎవరూ ఖాళీ ఉండరు. రాయచూరు కూడా వస్తే 5: 10 మ్యాచ్‌లు, 5 రౌండ్లు, ప్రతి రౌండ్‌కు ఒక జట్టు ఖాళీ. ఇంటా బయటా రెండుసార్లు ఆడితే 20 మ్యాచ్‌లు, 10 రౌండ్లు.

పెన్నా_వింగ్ (అనంతపురం)
అయితే ఒకదాన్నే తీసుకోవడం మేలంటారా?

లెక్కల_సారు (కడప)
ఐదైనా నడుపుకోవచ్చు. ఖాళీగా ఉన్న జట్టు నుంచే ఆ రౌండ్‌కు రిఫరీలను, లైన్ దగ్గర నిలబడేవాళ్లను, స్కోరు రాసేవాళ్లను తీసుకోండి. రాష్ట్రం వేరైన జట్లు ఆడుతున్నప్పుడు "మీవాడే విజిల్ ఊదాడు" అనే గొడవ సగం తగ్గుతుంది. కాకపోతే ఐదు జట్లనూ ఒకే ఊరికి రప్పించి శని ఆదివారాల్లో ఆడించాలి. 2025లో ముంబై అంధేరీలో జరిగిన మన దేశపు రగ్బీ ప్రీమియర్ లీగ్ వేర్వేరు చోట్ల పేర్లున్న ఆరు జట్లను ఒకే మైదానంలో ఆడించింది. పేరుకు హైదరాబాద్, చెన్నై. ప్రయాణం మాత్రం ఒక్కసారే.

సీమ_హుకర్ (కర్నూలు)
ఎవరూ ఆటగాళ్ల సంగతి ఎత్తలేదు. నా దృష్టిలో టికెట్టు తర్వాత అదే, కొన్ని చోట్ల టికెట్టు కంటే ముందే.

1996లో సూపర్ లీగ్ పుట్టినప్పుడు తొలి మ్యాచ్ పారిస్‌లోనే. పారిస్ సెయింట్ జర్మేన్ జట్టు షెఫీల్డ్‌ను 30-24తో ఓడించింది, 17,873 మంది వచ్చారు. రెండు సీజన్లలో అంతా ఐపోయింది. పారిస్ ఊళ్లో రగ్బీ లీగ్ వేర్లే లేవు. ఆటగాళ్లను దక్షిణ ఫ్రాన్స్ క్లబ్బుల నుంచి తెచ్చారు, వాళ్లు సొంత క్లబ్బుకూ పారిస్‌కూ రెండు చోట్లా ఆడి అలిసిపోయారు. రెండో యేడు ఆస్ట్రేలియా వాళ్లతో నింపారు.

2006లో కాటలాన్స్ డ్రాగన్స్‌ను దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాఁలో పెట్టారు. అక్కడ ఆట ముందునుంచీ ఉంది, క్లబ్బు కూడా ఉంది. ఇంకో తెలివైన పని: మూడేళ్లు కిందికి దించబోమని ముందే మాటిచ్చారు. మొదటి యేడే ఆఖరి స్థానం! ఆ మాట లేకుంటే అక్కడితోనే సరి. 2007లో ఛాలెంజ్ కప్ ఫైనల్, 2018లో కప్పే గెలిచారు, ఇంగ్లండ్ బయటి జట్టు గెలవడం అదే మొదలు. 2021లోనూ 2023లోనూ గ్రాండ్ ఫైనల్ ఆడి ఓడారు. ఇంగ్లండ్ క్లబ్బులకు ఇప్పటికీ ఒక సణుగుడుంది: ఫ్రాన్స్ జట్టు వస్తే వెంట అభిమానులు రారు, ఆ రోజు గేటు పలచబడుతుంది. అది నిజమే. బళ్లారి జట్టు వెంట ఎంతమంది వస్తారో మీరూ చూసుకోండి.

ఇంకో ఫ్రాన్స్ జట్టు తులూజ్ మాత్రం మెట్టు మెట్టుగా ఎక్కింది. 2016లో మూడో డివిజన్, 2022లో సూపర్ లీగ్, ఆ యేడే దిగడం, 2026లో పోటీ 14 జట్లకు పెరిగినప్పుడు మళ్లీ పైకి.

పాపువా న్యూ గినీ మీద నాకు నమ్మకం అందుకే. రగ్బీ లీగ్ అక్కడ జాతీయ క్రీడ. హంటర్స్ జట్టు 2014 నుంచి క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడుతోంది, 2017లో గెలిచింది కూడా. కింది పోటీలో పద్నాలుగేళ్లు వీసాలు, విమానాలు, హోటళ్లు అన్నీ అలవాటయ్యాకే పైకి తెస్తున్నారు. ఎన్ఆర్ఎల్ ఆటగాడి ఒప్పందం చివరి యేడులోకి అడుగుపెట్టేముందు నవంబరు 1 నుంచి బయటి క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. కాబట్టి 2028లో ఆడే జట్టుకు బేరాలు మొదలయ్యేది 2026 నవంబరులోనే. అప్పటికి కోచ్, ఇళ్లు, పిల్లల బడి సంగతి తేలకుంటే మంచి ఆటగాళ్లు చేజారిపోతారు.

కొత్త_కుందేలు (కడప)
డబ్బెవరిది?

సీమ_హుకర్ (కర్నూలు)
ఎక్కువగా ఆస్ట్రేలియా ప్రభుత్వానిది. పదేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. అందులో కొంత పసిఫిక్ దీవుల్లో కింది స్థాయి ఆటకు పోతుంది. ఆటగాళ్ల జీతాలకు ఆదాయపు పన్ను లేకుండా పాపువా న్యూ గినీ మినహాయింపు ఇస్తోంది. చైనా పలుకుబడిని ఆపడం కూడా ఈ ఖర్చు వెనక ఉన్న ఉద్దేశం. అదే దీని బలం, అదే బలహీనత. గేటు డబ్బు మీద నిలబడ్డ క్లబ్బు ప్రేక్షకులు తగ్గితే పడుతుంది, దౌత్యం మీద నిలబడ్డది ప్రభుత్వాల మాట తేడావస్తే పడుతుంది.

తుంగభద్ర_కిట్‌బ్యాగ్ (కర్నూలు)
కాగితాల పని, సామాన్ల పని చిన్నవని వదిలేస్తారు. చెడేది అక్కడే.

బూట్లు: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విమానాశ్రయాల్లో బూట్ల అడుగున మట్టి, గడ్డి ఉంటే పట్టేస్తారు. మన్ను వెంట పురుగు, తెగులు రాకూడదని. మ్యాచ్ అయిన రాత్రే స్టడ్లు విప్పి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, వేరే సంచిలో పెట్టి, దిగేటప్పుడు ఫారంలో రాయాలి. న్యూజిలాండ్‌లో చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు. టేపు కత్తెర్లు చేతి సంచిలో వద్దు.

రోజుల లెక్క: బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాడు వీసా లేకుండా ఫ్రాన్స్ వైపు ఉండగలిగేది 180 రోజుల్లో 90 రోజులే. జట్టు మేనేజరు దగ్గర పేరుపేరునా ఆ లెక్క ఉండాలి.

చలి: టొరంటోలో ఫిబ్రవరి, మార్చిలో బయట ఆడలేరు. 2020లో పోటీ ఆగేలోపు ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌లూ సొంతూరికి బయటే, ఆరూ ఓటమే. జూలైలో తప్పుకున్నారు. సీజన్ సగం గేటు డబ్బు లేకుండా గడపగల నిల్వ లేనివాళ్లు అలాంటి ఊళ్లో జట్టు పెట్టకూడదు.

దారులు మూసుకుంటే? కోవిడ్‌లో వారియర్స్ 2020 నుంచి ఆస్ట్రేలియాలోనే మకాం. సొంత మైదానంలో మళ్లీ ఆడింది 2022 జూలైలో. కొందరు ఇళ్లకు వెళ్లిపోతే వేరే క్లబ్బుల నుంచి అరువు ఆటగాళ్లను ఇచ్చారు. ఆ వెసులుబాటు నిబంధనల్లో ముందే ఉండాలి.

లెక్కల_సారు (కడప)
మీ పోటీలకు ఇంకో నాలుగు మాటలు. టచ్‌లో జట్టుకు 14 మంది, మైదానంలో ఆరుగురు. కోచ్, మేనేజరు కలిపితే 16. ఒక మినీ బస్సు. అనంతపురం నుంచి బళ్లారి సుమారు వంద కిలోమీటర్లు, కర్నూలు నుంచి రాయచూరు కూడా అంతే. భారమయ్యేది కడప నుంచి బళ్లారికి, అంతకంటే రాయచూరుకు పోయేటప్పుడు. ప్రతి జట్టు ప్రవేశ రుసుముతో పాటు సమానంగా ప్రయాణ నిధికి కట్టాలి, ఎక్కువ దూరం పోయినవాళ్లకు అందులోంచి కిలోమీటరు లెక్కన ఇవ్వాలి. కిలోమీటర్లను మ్యాప్ చూసి ముందే కాగితం మీద రాసుకోండి. డీజిల్ బిల్లులు చూపించి అడుక్కునే పద్ధతి పెడితే రెండో రౌండ్‌కే పోట్లాట.

సీమ_హుకర్ (కర్నూలు)
మైదానం 70 మీటర్లు, 50 మీటర్లు. కర్నూలు నల్లరేగడిలో ఎండాకాలం పగుళ్లు, వానకు బంక. అనంతపురం ఎర్రనేలలో గులకరాయి. ఎవరి నేల ఎలాంటిదో ముందే చెప్పుకుంటే ఏ బూట్లు తేవాలో తెలుస్తుంది. వేరుశనగ పీకే రోజుల్లో మ్యాచ్‌లు పెట్టొద్దు, సగం జట్టు చేన్లోనే ఉంటుంది.

పెన్నా_వింగ్ (అనంతపురం)
ప్రయాణ నిధి పద్ధతి మీటింగులో పెడతాను. మొదటి యేడు ఒకే ఊళ్లో శని ఆదివారాలు ఆడించి, రెండో యేడు ఇంటా బయటా పెడదామని అడుగుతా. బస్సుకు ఏ పర్మిట్ చూడాలి?

తుంగభద్ర_కిట్‌బ్యాగ్ (కర్నూలు)
ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండి మాట్లాడండి. లేకుంటే కర్ణాటకలోకి పోయేటప్పుడు తాత్కాలిక పర్మిట్, ట్యాక్స్ వేరే కట్టాలి. అడ్వాన్స్ ఇచ్చే ముందు పర్మిట్ కాగితం ఫోటో తీసుకొని గడువు తేదీ చూడండి.