రామప్ప మండపం ఫోటో హెచ్‌డీఆర్ చేస్తే నల్ల స్తంభాలు సిమెంటు రంగులోకి వచ్చాయి, ఏం చేయాలి?

ఓరుగల్లు మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఫోటోలు తీయడం ఆరేళ్లుగా అలవాటే కానీ ఎడిటింగ్ ఈ మధ్యే మొదలుపెట్టాను. పోయిన నెల పదో తరగతి పిల్లల్ని రామప్ప గుడికి తీసుకెళ్లాం. అక్కడ తీసిన ఒక ఫోటోను 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ప్రింటు తీయించి బడి వరండాలో పెట్టాలని నా కోరిక.

మండపం లోపల నిలబడి తూర్పు వాకిలి వైపు చూస్తూ తీసిన ఫోటో అది. టైమ్ ఉదయం పదకొండు. బయట ఎండ మండిపోతోంది, లోపలేమో నల్లరాతి స్తంభాలు. చెక్కడం కనిపించేలా తీస్తే వాకిలి అవతల అంతా తెల్లకాగితం. అవతలి నందిని చూపిద్దామంటే లోపల అమావాస్య. అందుకని బ్రాకెటింగ్ పెట్టాను, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురు మోతాదుల్లో వరసగా తీయడం. నికాన్ డీ5600, 18-55 లెన్స్, ఎఫ్8, ఐఎస్‌ఓ 400, రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దనివి). మూడు షాట్లు: సెకనులో 1/500, 1/125, 1/30 వంతు; మొదటిది బాగా చీకటిగా, చివరిది బాగా వెలుతురుగా వచ్చాయి. ట్రైపాడ్ తీసుకెళ్లలేదు, చేత్తో పట్టుకునే తీశాను.

లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడింటినీ సెలెక్ట్ చేసి ఫోటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ కొట్టాను, అంటే ఎండా నీడా రెండూ కనిపించేలా మూడింటినీ ఒకే ఫోటోగా కలిపేది. ఆటో సెట్టింగ్స్ టిక్ అలాగే ఉంచాను. వాకిట్లో పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారని డీగోస్ట్ (కదిలినవాళ్లు రెండేసిగా కనిపించకుండా చూసేది) హైలో పెట్టాను. తర్వాత షాడోస్ (నీడ చోట్ల వెలుతురు) +100, హైలైట్స్ (ఎండ చోట్ల వెలుతురు) -100, క్లారిటీ (అంచుల దగ్గర తేడాను పెంచేది) +60. మొదట చూసుకుని చాలా సంబరపడ్డాను. పైకప్పు చెక్కడంలో గీత గీతా కనిపిస్తోంది మరి. చిన్న ప్రింటు ఒకటి తీయించి క్లాసులో చూపించాను. ముందు బెంచీ అమ్మాయి దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, "సార్, ఆడ స్తంభాలు నల్లగ అద్దంలెక్క మెరుస్తుండె గదా, ఇండ్ల సిమెంటు స్తంభాల లెక్క ఉన్నయేంది?" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆ ఫోటోలో నాకు ఇంకేదీ కనిపించడం లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. ఆ నల్లరాయి నునుపు చూడ్డానికే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినప్పుడు పిల్లలకు ఒక పూటంతా దాని గురించే చెప్పాను. ఆ రాయి రంగునే నేను పోగొట్టాను.

ఇంకో రెండు లోపాలు కూడా ఉన్నాయి. వాకిలి పక్కన స్తంభాల అంచు వెంట, బయటి వైపు, తెల్లటి వెలుగు పట్టీ ఒకటి కనిపిస్తోంది. పిల్లలు నిలబడ్డ చోట నేల మీద అక్కడక్కడా మచ్చల్లాగా గ్రెయిన్స్ వచ్చాయి. షాడోస్ తగ్గిస్తే చెక్కడం పోతోంది, పెంచితే రాయి బూడిదవుతోంది. ఈ రెండింటి మధ్యా దారి ఉందా? మళ్లీ వెళ్లి తీసే వీలు ఇప్పట్లో లేదు.

ఆల్బమ్ డిజైనర్, తెనాలి:

మాస్టారూ, ముందు తేలికగా పోయేవి చెబుతాను. మచ్చలు డీగోస్ట్ వల్లే. ఎక్కడ కదలిక ఉందనుకుంటుందో అక్కడ మూడు ఫ్రేములూ కలపడం మానేసి ఒక్క ఫ్రేమునే వాడుకుంటుంది. హై పెడితే కదలని నేలను కూడా కదిలిందనుకుంటుంది. చుట్టుపక్కల మూడు ఫ్రేములు కలిసి నున్నగా ఉంటే, అక్కడ ఒక్క ఫ్రేము గ్రెయిన్స్‌తో బయటపడుతుంది. మెర్జ్ కిటికీలోనే డీగోస్ట్ ఓవర్‌లే చూపించే టిక్ ఉంది, అది పెడితే ఎంత మేర మార్చిందో రంగు పూసి చూపిస్తుంది. లో పెట్టి మళ్లీ మెర్జ్ చేయండి.

ఆటో సెట్టింగ్స్ టిక్ తీసేయండి. క్లారిటీ +60 మాత్రం వద్దే వద్దు. పెళ్లి ఆల్బమ్‌లో మండపం పూల మీద కూడా నేను +15 దాటను. షాడోస్ +30 దగ్గర ఆపి, బాగా నల్లటి చోట్లను మార్చే బ్లాక్స్ స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎడమకు జరపండి. స్క్రీన్ తెల్లగా మారుతుంది. పూర్తిగా నల్లబడే చోట్లు మాత్రమే చుక్కలుగా కనిపిస్తాయి. స్తంభాల సందుల్లో ఆ చుక్కలు మొదలవగానే ఆపేయండి. మెర్జ్ చేసిన ఫైలులో ఎక్స్‌పోజర్ స్లైడర్ -10 నుంచి +10 దాకా పోతుంది, మామూలు ఫైలులో 5 దాకానే. అంటే సమాచారమంతా లోపలే ఉంది, దేన్నీ +100 దాకా లాగాల్సిన పని లేదు.

లినక్స్ వాడుకరి:

డబ్బు పెట్టకుండా చేసే పద్ధతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఫోటోలను కలిపి అతికే హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు అలైన్ ఇమేజ్ స్టాక్, ఎన్‌ఫ్యూజ్ అనే రెండు పనిముట్లు ఉచితంగా వస్తాయి. మొదటిది చేత్తో తీసిన ఫ్రేములను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది, రెండోది కలుపుతుంది. ఎన్‌ఫ్యూజ్ చేసేది అసలు హెచ్‌డీఆర్ కాదు, ఎక్స్‌పోజర్ ఫ్యూజన్. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే ముగ్గురు 2007లో ప్రచురించిన పద్ధతి. ప్రతి చోటా ఏ ఫ్రేము బాగా వచ్చిందో చూసి దానికి ఎక్కువ మార్కులేసి కలుపుతుంది.

మాస్టారి సమస్యకు కారణం ఇందులో బాగా తెలుస్తుంది. "బాగా వచ్చింది" అంటే దాని లెక్కలో నలుపుకీ తెలుపుకీ సరిగ్గా మధ్యనున్న బూడిద రంగు, 0.5. మూడు ఫ్రేముల్లో స్తంభం ఏ ఫ్రేములో బూడిదకు దగ్గరగా ఉంటే ఆ ఫ్రేముకే ఎక్కువ మార్కులు. నల్లరాయి నల్లగా ఉండటం దానికి తప్పుగా కనిపిస్తుంది! ఎక్స్‌పోజర్ ఆప్టిమమ్ అనే ఆప్షన్‌ను 0.5 నుంచి 0.35కి దించి చూడండి. ఫోటో మొత్తం కాస్త నల్లబడుతుంది, స్తంభాలకు బరువు తిరిగొస్తుంది.

పాత స్టూడియో, ఖమ్మం:

మాస్టారు గారూ, ముందు ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. ఫోటో పట్టుకుని, తన కళ్లతో చూసినదాన్ని గుర్తు చేసుకుని, రెండింటినీ పోల్చింది. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను, ప్రింటు చూడటమంటే అదే.

నేను 1989లో యాషికా కెమెరాలో 120 రోల్ (వెడల్పాటి ఫిల్మ్) వేసుకుని రామప్ప వెళ్లాను. రోలుకు పన్నెండు ఫ్రేములే. మీకొచ్చిన చిక్కే నాకూ వచ్చింది. నలుపు తెలుపు ఫిల్మ్ కాబట్టి డార్క్‌రూమ్‌లో సరిచేయాలి. సన్నని తీగ చివర రూపాయి బిళ్లంత అట్టముక్క అంటించి, నెగెటివ్‌ను పెద్దది చేసి పేపరు మీద వేసే ఎన్‌లార్జర్ వెలుతురుకీ పేపరుకీ మధ్య ఆడించేవాళ్లం. అట్ట నీడ పడిన చోట ప్రింటు తేటగా వస్తుంది. అట్ట నిలకడగా ఉండకూడదు, ఎప్పుడూ కదులుతూ ఉండాలి. రెండు సెకన్లు చెయ్యి ఆగిందా, దాని అంచు ప్రింటులో గుండ్రంగా అచ్చు పడిపోయేది. ఆ పేపరు చించి మళ్లీ మొదటి నుంచి. మీ స్తంభాల పక్కన కనిపించే వెలుగు పట్టీ ఆ అట్ట అంచులాంటిదే.

సాఫ్ట్‌వేర్‌లో అది ఎలా వస్తుందో చెబుతాను. ప్రతి చుక్కనూ చుట్టుపక్కల చుక్కలతో పోల్చి, ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో లెక్కేస్తుంది. వాకిలి మధ్యలో చుట్టూ ఎండే కాబట్టి బాగా తగ్గిస్తుంది. స్తంభానికి ఆనుకుని ఉన్న ఎండ చుక్క దగ్గరికొచ్చేసరికి పక్కన సగం నలుపు ఉంటుంది. దాంతో ఇది కాస్త నీడ ప్రాంతమే అనుకుని తక్కువ తగ్గిస్తుంది. అందుకే అంచు వెంట బయటి వైపు తెల్లటి పట్టీ మిగిలిపోతుంది. హైలైట్స్, షాడోస్ రెండూ చివరిదాకా లాగి, పైన క్లారిటీ కూడా వేస్తే ఆ పట్టీ ఇంకా గట్టిపడుతుంది.

పైన తమ్ముళ్లిద్దరూ చెప్పింది సరైనదే. కానీ నేనైతే ఈ ఫోటోకు ఆటోమేటిక్‌గా కలపడమే మానేస్తాను. ఇందులో ఉన్నవి మూడే చోట్లు: బయట ఎండ, స్తంభాలు, పైకప్పు. మూడు చోట్లకు చేతితోనే చేసుకోవచ్చు. 1850లలో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రాన్స్ దేశస్థుడు సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ తీసి ఒకే ప్రింటుగా కలిపాడు. మీరు చేయాల్సిందీ అలాంటిదే.

ఫోటోషాప్‌లో మూడు ఫ్రేములనూ మూడు లేయర్లుగా తెరిచి, అన్నింటినీ సెలెక్ట్ చేసి ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్ కొట్టండి. అడుగున 1/125, దాని మీద 1/500, అన్నిటికంటే పైన 1/30. ఇప్పుడు పై రెండింటినీ దాచేసి, కంట్రోల్, ఆల్ట్, 2 కలిపి నొక్కండి. 1/125 ఫ్రేములో వెలుతురు ఉన్న చోట్లు వాటంతట అవే సెలెక్ట్ అవుతాయి. 1/500 లేయర్‌ను కనిపించేలా చేసి దానికి లేయర్ మాస్క్ తగిలించండి; మాస్క్‌లో తెలుపు ఉన్న చోట ఆ లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట దాగిపోతుంది. ఎండ ఉన్న చోటే ఆ ఫ్రేము వచ్చి కూర్చుంటుంది, నంది తేలుతుంది. మాస్క్ అంచుకు ఒకటి రెండు పిక్సెళ్ల ఫెదర్ (అంచును మెత్తబరచడం) చాలు. ఇరవై ముప్పై పెట్టారంటే పట్టీ మళ్లీ వస్తుంది. పిల్లల్ని కూడా ఈ ఒక్క ఫ్రేము నుంచే తీసుకోండి, ఒకరికి రెండు నీడలు రావు.

1/30 లేయర్‌కు మాత్రం పూర్తిగా నల్లటి మాస్క్ వేయండి. మెత్తటి బ్రష్ తీసుకుని, ఒపాసిటీ (బ్రష్ ఎంత గట్టిగా పడాలో) 10 శాతం పెట్టి, తెలుపుతో పైకప్పు చెక్కడం మీద, స్తంభాల మీది శిల్పాల ముఖాల మీద మాత్రమే నెమ్మదిగా రుద్దండి. నాలుగైదు సార్లు పోనివ్వాలి. స్తంభం ఒంటి మీదికి బ్రష్ వెళ్లకూడదు. అక్కడ మీరు వెలిగించాల్సింది ఏమీ లేదు. ఆ రాయికి పాలిష్ ఉంది, వాకిలి వెలుతురు దాని మీద ఒక పక్కగా సన్నటి గీతలా జారుతుంది. ఆ గీత పక్కనే గట్టి నలుపు ఉంటేనే రాయి మెరిసినట్టు కంటికి తెలుస్తుంది. మీరు నలుపును బూడిద చేయడంతో గీతకూ దానికీ తేడా పోయింది, అందుకే అది సిమెంటు అయింది.

చివర్లో వెలుతురు, చీకట్లను సరిచేసే ఒక కర్వ్స్ లేయర్. ఇన్ఫో ప్యానెల్ తెరిచి స్తంభం నీడ వైపు మౌస్ పెట్టండి, 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) కొలతలో అక్కడ 8 నుంచి 15 మధ్య రావాలి. ఇప్పుడు మీ దాంట్లో 70 పైనే ఉంటుందని నా అంచనా. బయట నేల 230 దాకా ఉండనివ్వండి. బయటి కంటే లోపల చీకటిగా ఉంటేనే చూసేవాళ్లకు మండపంలో నిలబడినట్టు అనిపిస్తుంది. ఇంకొక మాట, మొదలుపెట్టే ముందు 1/30 ఫ్రేమును 100 శాతం పెద్దది చేసి చెయ్యి కదిలిందేమో చూసుకోండి.

ఓరుగల్లు మాస్టారు:

సార్, రెండు రాత్రులు కూర్చుని మీరు చెప్పినట్టే చేశాను. పాత ఫైలులో స్తంభం మీద మౌస్ పెడితే 83 చూపించింది! ఇప్పుడు 12. డీగోస్ట్ సంగతి చెప్పిన తెనాలి తమ్ముడికి కూడా థాంక్స్. ఎన్‌ఫ్యూజ్ కూడా 0.35 పెట్టి చూశాను. చాలా తొందరగా అయిపోయింది, స్తంభాలు బాగానే వచ్చాయి, కానీ నంది వెనక ఆకులు కదిలి మసకబారాయి. అందుకే చేత్తో చేసిందే ఉంచుకున్నాను.

1/30 ఫ్రేము మధ్యలో షార్ప్‌గానే ఉంది, ఎడమ మూల కొంచెం కదిలింది. ఆ మూలకు బ్రష్ తీసుకెళ్లలేదు, చీకటిగానే వదిలేశాను. ఎడమ స్తంభం మీద పై నుంచి కింది దాకా సన్నటి మెరుపు గీత వచ్చింది. పాత ప్రింటులో అసలు ఆ గీతే లేదు. నిన్న క్లాసులో ల్యాప్‌టాప్ తెరిచి ఆ అమ్మాయిని పిలిచాను. గీత మీద వేలు పెట్టి "ఇగో, ఇట్లనే ఉండె సార్" అంది.

ఇప్పుడు ప్రింటు టెన్షన్ పట్టుకుంది. 6000 పిక్సెళ్ల ఫైలు 36 అంగుళాలకు సరిపోతుందా? మెరిసే గ్లాసీ పేపరా, మెరుపు లేని మ్యాటా? వరండాలో పైన ట్యూబ్‌లైట్ ఉంటుంది. ల్యాబ్‌లో చిన్న సైజు తీయించినప్పుడు స్క్రీన్ మీదకంటే నల్లగా వచ్చింది, అది కూడా భయంగా ఉంది.

పాత స్టూడియో, ఖమ్మం:

సరిపోతుంది. అంగుళానికి 166 పిక్సెళ్లు పడతాయి, వరండాలో నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి చాలు. ట్యూబ్‌లైట్ ఉందంటున్నారు కాబట్టి మ్యాటే వేయించండి. గ్లాసీ అయితే మీరు కష్టపడి తెచ్చిన నలుపులో ట్యూబ్‌లైటే కనిపిస్తుంది. అయితే మ్యాట్‌లో నలుపు గ్లాసీ అంత లోతుగా రాదు, బాగా చీకటి చోట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మీ 12ను ప్రింటు ఫైలులో మాత్రం 18 దాకా పెంచండి. ల్యాప్‌టాప్ వెలుగు సగానికి తగ్గించి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని, రెండూ ఒకేలా కనిపించే చోట ఆపి అప్పుడు ఫైలు చూడండి. ప్రింటు నల్లగా వచ్చిందనిపించేది ఎక్కువగా స్క్రీన్ వెలుగు మరీ ఎక్కువగా ఉండటం వల్లే.

పెద్ద ప్రింటుకు డబ్బు కట్టే ముందు టెస్ట్ స్ట్రిప్ తీయించండి. మొత్తం ఫోటోను చిన్నది చేయొద్దు. అసలు సైజులోనే 2000 పిక్సెళ్లు బై 1333 ఉన్న ముక్క కోసి 12 బై 8లో అదే మ్యాట్ పేపరు మీద వేయించి, వరండాలో అదే గోడకు పెట్టి, సాయంత్రం లైటు వేసి చూడండి. ఆ ముక్కలో ఎడమ స్తంభం మెరుపు గీత, దాని పక్క నలుపు, వాకిలి అంచు, నంది కొంచెం, ఈ నాలుగూ పడేలా కోయండి.