అప్‌డేట్: ఫిల్టర్ కాఫీకి చిన్న సిరామిక్ కప్పులు తీసుకున్నా

ఫిల్టర్ కాఫీకి చేత్తో చేసిన చిన్న కప్పులు కొనాలి, ఏం చూసుకోవాలి అని అడిగా కదా, మొత్తానికి పాండిచ్చేరి స్టోన్‌వేర్, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టివి, తీసుకున్నామండి. ఒక్కోటి 120 ఎంఎల్ దాకా పడుతుంది, పిడి లేదు. యూపీలోని ఖుర్జాలో చేసినవి కూడా చూశాం, పూలు రంగులు బాగున్నాయి రేటూ తక్కువే, కానీ మనసు వీటి మీదకే పోయింది. పాండిచ్చేరిలో 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే సిరామిక్ వర్క్‌షాప్ పెట్టాకే ఈ పని ఊపందుకుంది, స్టోన్‌వేర్‌ని 1200 డిగ్రీల పైన కాలుస్తారు కాబట్టి మట్టి బాగా గట్టిపడి నీళ్లు పెద్దగా పీల్చదు.

మీలో ఒకరు చెప్పినట్టు కప్పు తిరగేసి చూశా, అడుగున గ్లేజ్ (గాజులాంటి నున్నటి పూత) లేని రింగ్ గరుగ్గా తగిలింది, టేబుల్ గీసుకుపోతుందని సన్న శాండ్‌పేపర్ తడిపి రుద్దితే నున్నగా అయింది. అంచు మాత్రం పల్చగా కొంచెం బయటికి తిరిగి ఉంది, తాగడానికి హాయిగా ఉంది.

చల్లటి కప్పులో పోస్తే కాఫీ వేడంతా మట్టే లాగేసుకుంటుంది, అందుకే పాలు కాగేలోపు వేడినీళ్లు పోసి ఉంచి పారబోస్తున్నా. మా అత్తగారైతే స్టీల్ గ్లాసు వదలరు, నురగ రావాలంటే తిరగబొయ్యాలి కదమ్మా, ఈ కప్పుల్లో ఎలా అంటారు, అదీ నిజమే, అందుకే గ్లాసులో తిరగబోసి ఇందులోకి వంపుతున్నాం, తోముకోడానికి ఇంకోటి ఎక్కువైంది అంతే. డిష్‌వాషర్‌లో పెట్టొచ్చన్నారు గానీ నాకు ధైర్యం చాలట్లేదు, ఎవరైనా పెట్టి చూశారా?