టాలీ నుంచి డేటా అనలిస్ట్‌ వైపు: పైథాన్ ముందా, ఎస్‌క్యూఎల్ ముందా?

ప్రశ్న:
వయసు 34, బీకాం. విజయవాడలో ఆడిట్ ఆఫీసులో టాలీ, జీఎస్టీ రిటర్నులు చూస్తుంటాను. ఎక్సెల్‌లో వీలుకప్ (వేరే పట్టిక నుంచి విలువ తెచ్చేది), పివట్ (గుంపులవారీ మొత్తాలు కట్టేది) దాకా వచ్చు. రోజుకు గంటన్నర, ఆదివారం ఇంకాస్త ఎక్కువ కుదురుతుంది. డేటా అనలిస్ట్ అవ్వాలంటే పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి డేటా అడిగే భాష)లలో ముందు ఏది నేర్చుకోవాలి? ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో కోర్సులో చేరమని కొందరంటున్నారు. ఒకచోట లేని ఎక్స్‌పీరియన్స్ కూడా "పెట్టిస్తాం" అన్నారు. నమ్మొచ్చా?

జవాబు 1:
ఎస్‌క్యూఎల్‌తో మొదలెట్టండి. మీకు సగం వచ్చినట్టే. పివట్‌లో చేసే పనే గ్రూప్ బై, వీలుకప్‌కి దగ్గరిది లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచి, కుడి టేబుల్ వివరాలు పక్కన కలిపేది). ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్), దాన్ని తెరిచి చూసే డీబీ బ్రౌజర్ రెండూ ఉచితం, పాత ల్యాప్‌టాప్ చాలు.

అకౌంట్స్ నుంచి వచ్చినవాళ్లు బోల్తా పడేది జాయిన్ దగ్గరే. వీలుకప్ మొదట దొరికిన వరుస ఇచ్చి ఆగిపోతుంది. జాయిన్ మాత్రం దొరికినవన్నీ ఇస్తుంది. సప్లయర్ మాస్టర్‌లో ఒకే జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నంబరు) రెండుసార్లు ఎక్కి ఉంటే ఆ పార్టీ కొనుగోళ్లు రెట్టింపై కూర్చుంటాయి, ఎర్రర్ ఏమీ రాదు. అందుకే జాయిన్‌కి ముందు కీ (కలపడానికి వాడే కాలమ్) మీద గ్రూప్ బై వేసి, హేవింగ్ కౌంట్ ఒకటి కంటే ఎక్కువున్నవి చూసుకోవాలి. తర్వాత మొత్తాన్ని టాలీ లెడ్జర్‌తో సరిపోల్చాలి. ఇంకో రెండు: లెఫ్ట్ జాయిన్ రాసి కుడి టేబుల్ షరతును వేర్ (WHERE) భాగంలో పెడితే దొరకని వరుసలు ఎగిరిపోతాయి, ఆ షరతు ఆన్ (ON) భాగంలో ఉండాలి. వేరే జాబితాలో లేనివి వెతికే నాట్ ఇన్ లోపలి క్వెరీలో ఒక్క నల్ (ఖాళీ విలువ) ఉన్నా ఫలితం ఖాళీ, కాబట్టి నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. ఇవి చేతికి అలవాటయ్యాక విండో ఫంక్షన్లు (వరుసలు కలిపేయకుండానే రన్నింగ్ టోటల్ లాంటివి కట్టేవి) నేర్చుకోండి.

జవాబు 2:
పైథాన్‌కి టైటానిక్ ప్రయాణికుల జాబితా లాంటి సాధన డేటాసెట్లు మీకెందుకండీ, ప్రతి నెలా చేసే పనే ప్రాజెక్టు చేసుకోండి: జీఎస్టీఆర్-2బీ (సప్లయర్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితా), పర్చేజ్ రిజిస్టర్ రీకన్సిలియేషన్ (రెండూ సరిపోల్చడం). పాండాస్ (పైథాన్‌లో టేబుళ్లతో పనిచేసే లైబ్రరీ)లో రెండు ఫైళ్లు చదివి, జీఎస్టీఐఎన్, ఇన్‌వాయిస్ నంబరు కీగా మెర్జ్ చేయండి. హౌ దగ్గర అవుటర్, ఇండికేటర్ దగ్గర ట్రూ ఇస్తే ఏ బిల్లు రెండింట్లో ఉంది, ఏది ఒక్క వైపే ఉందో ఒక కాలమ్‌లో వచ్చేస్తుంది. 2బీ షీటులో పైన కలిపేసిన హెడర్ గడులుంటాయి, వాటిని స్కిప్‌రోస్‌తో దాటించాలి. తేదీలకు డేఫస్ట్ ట్రూ ఇవ్వకపోతే 03/04/2025ని మార్చి 4గా చదువుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ సార్. చేసి చూశాను. కంటికి ఒకేలా కనిపిస్తున్న బిల్లు నంబర్లు కూడా మ్యాచ్ కావడం లేదు.

జవాబు 2:
ఒక ఫైల్లో అది నంబరు, రెండోదాంట్లో టెక్స్ట్ అయ్యుంటుంది. 00123 ఒకవైపు 123 అయిపోతుంది. చదివేటప్పుడే ఆ కాలమ్ డీటైప్ (డేటా రకం) స్ట్రింగ్, అంటే టెక్స్ట్ అని చెప్పండి, తర్వాత స్ట్రిప్ (చివర్ల ఖాళీలు తీసేది), అప్పర్ (పెద్దక్షరాలు చేసేది) వేయండి. అప్పటికీ మిగిలితే పార్టీ "ఎ/123/24-25" అని వేసిన బిల్లును మీవాళ్లు 123 అని ఎక్కించి ఉంటారు. దానికి రెండో విడత: మిగిలినవాటిని మాత్రమే జీఎస్టీఐఎన్, తేదీ, పన్ను విలువలతో కలపండి. పన్ను అచ్చంగా సమానమవ్వాలని పట్టుబట్టొద్దు, తేడా రూపాయి లోపుంటే సరే అనండి. ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం)లో పైసలు అన్నిసార్లూ అచ్చంగా నిలవవు. రెండో విడతలో కలిసినవి మాత్రం వేరే షీటులో పెట్టి కంటితో చూడాల్సిందే.

జవాబు 3:
ఈ ప్రాజెక్టు గిట్‌హబ్ (కోడ్ నలుగురికీ కనిపించేలా పెట్టే సైట్)లో పెడతారేమో, క్లయింట్ ఫైళ్లు పెట్టకండి. జీఎస్టీఐఎన్ 15 అక్షరాల్లో మూడు నుంచి పన్నెండు దాకా ఉన్నది పాన్ నంబరే. పేర్లు తీసేస్తే చాలదు, నంబర్లు కూడా కల్పితంగా మార్చాలి. రాష్ట్రం కోడ్ 37 (ఆంధ్రప్రదేశ్), 36 (తెలంగాణ) మాత్రం ఉంచితే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రంతో లావాదేవీపై పన్ను) తర్కం చెడదు.

కోర్సు మీ ఇష్టం, క్రమశిక్షణకి పనికొస్తుంది. ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్న చోట మాత్రం అడుగు పెట్టకండి. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) సర్వీస్ హిస్టరీలో పీఎఫ్ కట్టిన కంపెనీలే కనిపిస్తాయి, జీతం మీద టీడీఎస్ ఉంటే 26ఏఎస్ (ఆదాయపన్ను శాఖ ఇచ్చే పన్ను కోతల పట్టిక)లో కోత కోసినవారి పేరుంటుంది. వెరిఫికేషన్‌లో ఇవి అడిగితే కాగితం నిలవదు. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది. మీ అసలు అనుభవాన్నే వాడుకోండి. ఫ్రెషర్లతో కలిసి అనలిస్ట్ పోస్టులకు పోటీ పడే బదులు ఎంఐఎస్ (యాజమాన్యానికి రిపోర్టులు తయారుచేసే పని), ఫైనాన్స్ అనలిస్ట్, ట్యాక్స్ ఆటోమేషన్ పోస్టులు వెతకండి. ఐటీసీ (కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్) ఎందుకు ఆగిందో తెలిసినవాళ్లు అక్కడ కావాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఇప్పటి ఉద్యోగం వదలొద్దు, నోటీసు పీరియడ్ ఎంతో ఇప్పుడే చూసుకోండి.