కొత్త మోడలింగ్ ఆంప్: ప్రీసెట్లతో మొదలుపెట్టాలా, ఒకే ఆంప్ మోడల్‌తోనా?

ఆరు తీగలు

మోడలింగ్ ఆంప్ (రకరకాల గిటార్ ఆంప్లిఫయర్‌ల స్వరాన్ని డిజిటల్‌గా అనుకరించే ఆంప్) కొత్తగా కొనుక్కున్నవారు మొదట ఏం చేయాలన్న విషయంపై ఒక వాదనను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. అంగీకరించనివారు కారణాలతో సహా ఖండించాలని కోరుతున్నాను. నా వాదన ఇది: ఫ్యాక్టరీ ప్రీసెట్ల (తయారీదారు ముందే అమర్చి ఇచ్చిన టోన్ల) జోలికి కొంతకాలం వెళ్లకూడదు. రివర్బ్ (గదిలోలాంటి ప్రతిధ్వని), డిలే (స్వరాన్ని కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులను సమం చేసేది), నాయిస్ గేట్ (అనవసర రొదను ఆపేది) వంటి ఎఫెక్ట్‌లన్నీ ఆపేసి, క్లీన్‌గా పలికే ఒక్క ఆంప్ మోడల్‌ను ఎంచుకుని, దాని గెయిన్ (సంకేతాన్ని ఎంత బలంగా పెంచాలో నిర్ణయించేది), బాస్, మిడ్, ట్రెబుల్ (కింది, మధ్య, పై స్వరాలను సరిచేసేవి) నాబ్‌లు చేతికి అలవడేదాకా దానితోనే వాయించాలి.

నేను ఈమధ్యే ఇలాంటి ఆంప్ ఒకటి తీసుకున్నాను. మొదటి ప్రీసెట్ నుంచి వరసగా మార్చుకుంటూ పోతే ప్రతిదీ ఘనంగానే వినిపించింది కానీ, ఏ ఒక్కదానిలోనూ నా గిటార్ స్వభావం వినిపించలేదు. చాలా ప్రీసెట్లు విన్న వెంటనే ఆకట్టుకునేలా తయారవుతాయి. అందుకే వాటిలో గెయిన్, రివర్బ్ ఎక్కువగా, మిడ్ తక్కువగా కనిపిస్తాయి. అంత గెయిన్‌లో తీగను మెల్లగా మీటినా బలంగా మీటినా దాదాపు ఒకే స్థాయిలో పలుకుతుంది. అదే అన్నీ ఆపేసిన క్లీన్ మోడల్‌లో, శబ్దం చీలడం (డిస్టార్షన్) మొదలయ్యే అంచు దగ్గర గెయిన్‌ను నిలిపి, ఐదో తీగను ఒకసారి బొటనవేలితో, ఒకసారి పిక్‌తో గట్టిగా మీటి చూడండి. మొదటిది స్వచ్ఛంగా నిలుస్తుంది. రెండోదానికి ఆరంభంలో గరుకు పుట్టి, స్వరం సన్నగిల్లే కొద్దీ ఆ గరుకు కరిగిపోతుంది. గిటార్ మీది వాల్యూమ్‌ను 10 నుంచి 6కు తగ్గిస్తే ఆ గరుకు మొదట్లోనే పుట్టదు. చేతికీ ఆంప్‌కూ మధ్య ఉన్న ఈ సంబంధం తెలియకుండా వంద టోన్లు విన్నా, ఏ టోన్ దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

ట్రెమొలో

ఆరు తీగలు గారూ, మీరు చెప్పిన ప్రయోగం విలువైనదే కానీ, ప్రీసెట్ల మీద మీరు పెట్టిన నిషేధం నాకు సమ్మతం కాదు. మోడలింగ్ అన్న ఆలోచనే అనేక ఆంప్‌ల స్వరాలను ఒకచోట అందించడానికి పుట్టింది. లైన్ 6 సంస్థ 1996లో యాక్సిస్ 212 ఆంప్‌ను, 1998లో పాడ్ అనే ఎర్రటి చిన్న పెట్టెను తెచ్చినప్పుడు గిటారిస్టులను ఆకర్షించింది ఆ వైవిధ్యమే. ఒకే ఒక్క క్లీన్ ఆంప్‌తో నెలల తరబడి కూర్చోవాలంటే, దానికోసం మోడలింగ్ ఆంప్ కొనాల్సిన అవసరం ఏముంది?

ప్రీసెట్‌ను పూర్తయిన టోన్‌గా కాక, విప్పి చూడదగిన పాఠంగా తీసుకోవాలన్నది నా అభిప్రాయం. ఉదాహరణకు, పాత రాకబిలీ పద్ధతి ప్రీసెట్ ఒకటి తెరవండి. లోపల డిలే సమయం సుమారు 100 నుంచి 130 మిల్లీసెకన్ల మధ్య, ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని ఎన్నిసార్లు తిరిగి రావాలో నిర్ణయించేది) దాదాపు సున్నా దగ్గర ఉంటాయి. అంటే, మీటిన వెంటనే ఒకే ఒక్క ప్రతిధ్వని వచ్చి ఆగిపోతుంది. స్లాప్‌బ్యాక్ అనే ఈ ఒంటి ప్రతిధ్వని గురించి ఎంత చదివినా అర్థం కానిది ఆ రెండు అంకెలు చూసి, ఫీడ్‌బ్యాక్‌ను కొద్దిగా పెంచి, మళ్లీ తగ్గించినప్పుడు చెవికి అర్థమవుతుంది. ఎఫెక్ట్‌ల వరస కూడా అంతే. డిస్టార్షన్‌కు ముందు డిలే పెడితే ప్రతిధ్వనులు అసలు స్వరంతో కలిసి చీలి ముద్దయిపోతాయి. తర్వాత పెడితే విడివిడిగా వినిపిస్తాయి. ఖాళీ ప్యాచ్ (భద్రపరచుకునే అమరిక) ముందు కూర్చున్న కొత్తవారికి ఇలాంటి ప్రశ్న ఉందన్న సంగతే తట్టదు. తెలిసినవారు కట్టిన ఇంటిని గది గదీ తిరిగి చూడటం కూడా కట్టడం నేర్చుకునే మార్గమే.

పాత వాల్వు

ఇద్దరి వాదనలూ శ్రద్ధగా చదివాను. నేను ఏళ్ల తరబడి ట్యూబ్ (వాల్వు) ఆంప్‌లతో వాయిస్తున్నవాణ్ణి. మోడలింగ్‌ను చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ మీరిద్దరూ వదిలేసిన అంశం ఒకటుంది: ఆ ప్రీసెట్ ఏ స్పీకర్ కోసం తయారైంది, మీరు దాన్ని ఏ స్పీకర్‌లో వింటున్నారు?

గిటార్ ఆంప్‌లో వాడే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక స్వరాన్ని వేగంగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే కర్కశమైన పై హార్మోనిక్‌లు చెవిని బాధించకుండా ఆపేది ఆ పరిమితే. హెడ్‌ఫోన్‌లో అలాంటి పరిమితి లేదు కాబట్టి అక్కడ క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె స్వభావాన్ని అనుకరించే భాగం) తప్పనిసరి. అది లేకపోతే ఎంత మంచి ఆంప్ మోడల్ అయినా కందిరీగల రొదలా ఉంటుంది. అదే క్యాబినెట్ సిమ్యులేషన్‌ను తీయకుండా నిజమైన గిటార్ క్యాబినెట్‌లోకి పంపితే, ఒక స్పీకర్ స్వభావం మీద మరో స్పీకర్ స్వభావం పడి, టోన్ మసకబారి ముద్దగా వినిపిస్తుంది. మోడలింగ్ ఆంప్ బాగోలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. కొన్ని కాంబో ఆంప్‌లు హెడ్‌ఫోన్ జాక్ పెట్టగానే సిమ్యులేషన్‌ను తామే అమర్చుకుంటాయి. మరికొన్నింటిలో మనమే మార్చాలి. కొన్నవారు మొదట మాన్యువల్‌లో చూడాల్సింది ఈ పేజీని.

రెండో మాట. మోడలర్ వినిపించేది చాలావరకు మైక్ ముందు పెట్టి రికార్డు చేసిన ఆంప్ స్వరాన్నే. గదిలో మన ఎదుట నిలబడి, మోకాళ్లకు గాలి తగిలేలా పలికే ఆంప్ అనుభవం దానికి భిన్నమైనది. 85 వాట్ల ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్ పక్కన నిలబడినవారికి ఆ తేడా వివరించనక్కర్లేదు. ఈ తేడాను మోడల్ లోపంగా లెక్కించడం న్యాయం కాదు. అది స్పీకర్‌కూ, శబ్ద తీవ్రతకూ సంబంధించిన విషయం.

ఆరు తీగలు

పాత వాల్వు గారు శబ్ద తీవ్రతను ప్రస్తావించడం నా వాదనకే బలమిస్తుందని మనవి. మన చెవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకేలా వినదని, మెల్లని శబ్దంలో బాస్ మరీ తక్కువగా వినిపిస్తుందని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. రాత్రిపూట మెల్లగా వింటూ బాస్, ట్రెబుల్ పెంచి, మిడ్ తగ్గించి తయారుచేసుకున్న టోన్, తోటివారితో కలిసి గట్టిగా వాయించేటప్పుడు అడుగున బరువుగా హోరెత్తుతూ, పైన గీరుతూ, మధ్యలో వినబడకుండా పోతుంది. గిటార్ నివసించే చోటే మిడ్. దాన్ని తీసేసిన టోన్ డ్రమ్స్, బాస్ గిటార్‌ల మధ్య నిలవలేదు. ఒక ప్రీసెట్ ఏ తీవ్రతలో తయారైందో మనకు తెలియదు కనుక, సరిదిద్దడం తెలియాలి. అది నాబ్‌ల స్వభావం తెలిస్తే తప్ప సాధ్యం కాదు.

నాబ్‌ల స్వభావం అంటున్నది ఊరికే కాదు. ఫెండర్ తరహా సర్క్యూట్‌లో బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ పరస్పరం ముడిపడి ఉంటాయి. ఒకదాన్ని కదిపితే మిగతా రెండింటి ప్రభావం మారుతుంది. మూడింటినీ 5 దగ్గర పెడితే అది సమతల స్థితి అనుకుంటాం కానీ, నిజానికి అక్కడ మిడ్‌లో స్పష్టమైన లోయ ఉంటుంది. మార్షల్ తొలి ఆంప్ జేటీఎమ్ 45 ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దగ్గరగా అనుసరించి తయారైనదే కాబట్టి దాని నాబ్‌లూ ఇలాగే ముడిపడి ఉంటాయి. వాక్స్ ఏసీ30 టాప్ బూస్ట్‌కు వస్తే, అసలు మిడ్ నాబ్ లేనే లేదు. దానికి బదులు కట్ అనే నాబ్ ఉంటుంది. దాన్ని పెంచితే పై స్వరాలు తగ్గుతాయి. కొన్ని మోడలింగ్ ఆంప్‌లు ఈ ప్రవర్తనను ఉన్నదున్నట్టు అనుసరిస్తాయి, మరికొన్ని అన్ని మోడళ్లకూ ఒకే రకం బాస్, మిడ్, ట్రెబుల్ ఇస్తాయి. మన చేతిలో ఉన్నది ఏ రకమో ఒక్క మోడల్‌తో ఓపికగా కూర్చున్నప్పుడే బయటపడుతుంది. ట్రెబుల్‌ను స్థిరంగా ఉంచి బాస్‌ను సున్నా నుంచి 10 దాకా నెమ్మదిగా తిప్పుతూ ఒకే కార్డ్‌ను మోగనివ్వండి. ఈ పనిని ఏ ప్రీసెట్ మనకోసం చేసిపెట్టదు.

సిగ్నల్ చెయిన్

ఈ చర్చలో ఒక సాంకేతిక భేదం రాకపోతే నిర్ణయం తప్పుదారి పడుతుందని ఈ టపా రాస్తున్నాను. మోడలర్లన్నీ ఒకే పద్ధతిలో పనిచేయవు. కొన్ని అసలు ఆంప్‌లోని సర్క్యూట్ ప్రవర్తనను భాగాలుగా లెక్కగట్టి అనుకరిస్తాయి. 2011లో పరిచయమైన కెంపర్ ప్రొఫైలర్ మరో మార్గం పట్టింది: నిజమైన ఆంప్‌లోకి పరీక్షా సంకేతాలు పంపి, అది ఆ క్షణంలో ఉన్న అమరికలో ఎలా పలుకుతుందో పట్టుకుంటుంది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లతో చేసే క్యాప్చర్లు కూడా చాలావరకు ఈ కోవలోవే. క్యాప్చర్ అంటే ఒక అమరికలోని ఆంప్ ఛాయాచిత్రం లాంటిది కనుక, దానిమీద మనం తిప్పే ట్రెబుల్ నాబ్ చాలాసార్లు అసలు ఆంప్ ట్రెబుల్ నాబ్ కాదు, బయట చేర్చిన ఈక్వలైజర్. ఆరు తీగలు గారు చెప్పిన నాబ్ సాధన మొదటి రకం యంత్రాల్లో ఎంతో నేర్పుతుంది. రెండో రకంలో అది అసలు ఆంప్ గురించి పెద్దగా చెప్పదు. అక్కడ వేర్వేరు క్యాప్చర్లను వినడమే, అంటే ట్రెమొలో గారి మార్గమే, సహజం.

ఇక పోలిక విషయం. రెండు ప్రీసెట్లలో ఏదో ఒకటి 2-3 డెసిబెల్స్ గట్టిగా ఉన్నా, చెవి దాన్నే మంచి టోన్ అని ఎంచుకుంటుంది. వరసగా ప్రీసెట్లు మార్చుతూ వినేటప్పుడు మనం టోన్‌ను పోలుస్తున్నామనుకుంటూ శబ్ద తీవ్రతను పోలుస్తుంటాం. అందువల్ల ముందు వాటి అవుట్‌పుట్ స్థాయిలను సమం చేయాలి. దీనికి గెయిన్ నాబ్‌ను కాక ప్యాచ్ లెవెల్‌ను వాడాలి, ఎందుకంటే గెయిన్ కదిపితే స్వభావమే మారిపోతుంది. స్థాయిలు సమమయ్యాక, గొప్పగా తోచిన ప్రీసెట్లలో సగం సాధారణంగా, చప్పగా తోచినవాటిలో కొన్ని విలువైనవిగా వినిపిస్తాయి.

లేటెన్సీ (మీటినప్పటి నుంచి స్వరం వినిపించేదాకా పట్టే ఆలస్యం) గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. శబ్దం గాలిలో మీటరు దూరం వెళ్లడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, మోడలర్ లోపల పట్టే రెండు మూడు మిల్లీసెకన్ల ఆలస్యం ఆంప్ నుంచి దాదాపు ఒక మీటరు వెనక్కి జరిగినంత మాత్రమే. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ల సంగతి వేరు. వాటి ఆలస్యం 100 మిల్లీసెకన్లు కూడా దాటవచ్చు. వాటితో వాయించి ఆంప్ మందకొడిగా ఉందని తేల్చకండి, తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

ట్రెమొలో

సిగ్నల్ చెయిన్ గారు స్థాయిల విషయంలో చెప్పినదాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. ప్రీసెట్లను విప్పి చూడాలన్న నా సూచనకు దాన్ని ముందు షరతుగా చేర్చుకోవచ్చు. అయినా ఆరు తీగలు గారి క్రమశిక్షణ కొత్తవారి మీద మోపే బరువును మనం తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త ఆంప్ వచ్చిన ఉత్సాహంలో మనిషి గిటార్‌ను మామూలు కంటే ఎక్కువ సేపు పట్టుకుంటాడు. ఒక విశాలమైన రివర్బ్ విని, ఆ ఖాళీని నింపడానికి తక్కువ స్వరాలు వాయించడం మొదలుపెట్టినవారు, బిగుతైన హై గెయిన్ విని పామ్ మ్యూట్‌ను (అరచేతి అంచుతో తీగలను అణచి మీటే పద్ధతిని) శుభ్రం చేసుకున్నవారు నాకు తెలుసు. టోన్ వాయించే తీరును మారుస్తుంది. ఆ మార్పును వాయిదా వేయమనడానికి మీరు చూపిన కారణం చాలదు.

పాత వాల్వు

ట్రెమొలో గారి చివరి మాట నిజం. ట్యూబ్ ఆంప్‌లో రెక్టిఫయర్ వాల్వు (ఏసీ కరెంటును డీసీగా మార్చే వాల్వు) ఉంటే, గట్టిగా మీటినప్పుడు లోపలి వోల్టేజి క్షణకాలం కుంగి, స్వరం వెనక్కి తగ్గి మళ్లీ ఉబ్బుతుంది. శాగ్ అనే ఆ గుణం మన చేతి వేగాన్నే మార్చేస్తుంది. మంచి మోడలర్లలో దానికి విడిగా ఒక అమరిక కూడా ఉంటుంది. కానీ హై గెయిన్ ప్రీసెట్ల హోరులో అది వినబడదని, దాదాపు క్లీన్ టోన్‌లోనే తెలుస్తుందని కూడా చెప్పాలి. ఈ ఒక్క విషయంలో నేను ఆరు తీగలు గారి పక్షం.

ఆరు తీగలు

క్యాప్చర్ పద్ధతి యంత్రాలకు నా నాబ్ సాధన వర్తించదన్న సిగ్నల్ చెయిన్ గారి వివరణ సరైనది. కనుక నా వాదనను సర్క్యూట్‌ను అనుకరించే మోడలింగ్ ఆంప్‌లకు పరిమితం చేస్తున్నాను. ట్రెమొలో గారికి నా సమాధానం ఇది: ఉత్సాహాన్ని ఆపమని నేను కోరడం లేదు, దానికి పోల్చి చూసుకునే ఒక ఆనవాలు కావాలంటున్నాను. విశాలమైన రివర్బ్ విని తక్కువ స్వరాలు వాయించారంటే, వారికి రివర్బ్ లేని స్వరం ఎలా ఉంటుందో ముందే తెలుసు. అది తెలియనివారు ఆ రివర్బ్ తోక కింద దాక్కున్న తప్పు ఫ్రెట్టింగ్‌ను (ఎడమచేతి వేళ్లతో తీగ నొక్కడంలోని తప్పును) గుర్తించలేరు.

కాబట్టి రాజీగా ఒక పద్ధతి ప్రతిపాదిస్తాను. ఆంప్‌లోని మొదటి స్థానంలో ఉన్న ఫ్యాక్టరీ ప్రీసెట్‌ను తొలగించి, అక్కడ ఎఫెక్ట్‌లు లేని మీ క్లీన్ మోడల్‌ను, మీ గిటార్‌కు, మీరు రోజూ వాయించే తీవ్రతకు సరిపడేలా అమర్చి భద్రపరచండి. ఆ తర్వాత ఏ ప్రీసెట్ విన్నా, స్థాయి సమం చేసి, దీనితో మార్చి మార్చి వాయించండి. తేడా గెయిన్‌దా, స్పీకర్‌దా, రివర్బ్‌దా అని ఒక్కో భాగాన్నీ ఆపి తేల్చుకోండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) గిటార్ నుంచి హంబకర్ (రెండు తీగచుట్టల పికప్) గిటార్‌కు మారేవారు దీన్ని రెండుగా భద్రపరచుకోవాలి, ఎందుకంటే హంబకర్ అవుట్‌పుట్ సాధారణంగా ఎక్కువ కనుక అదే గెయిన్‌లో ముందే చీలుతుంది. ఈ పద్ధతికి ట్రెమొలో గారి అభ్యంతరం ఏమైనా మిగిలి ఉంటే తెలపాలని కోరుతున్నాను.

ట్రెమొలో

మొదటి స్థానంలో ఆనవాలు ప్యాచ్ ఉండాలన్నదానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క సవరణ మాత్రం అడుగుతున్నాను: అందులో కొద్దిపాటి స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగులతో పుట్టించే ప్రతిధ్వని తరహా) ఉండనివ్వండి. హెడ్‌ఫోన్‌లో సాధన చేసేవారికి గది ప్రతిధ్వని బొత్తిగా అందదు. అంత పొడి స్వరంతో ఎక్కువసేపు వాయిస్తే చెవి అలసి, ట్రెబుల్‌ను అవసరానికి మించి తగ్గించేస్తారు. స్పీకర్‌లో వాయించేవారు ఆ రివర్బ్ తీసేయవచ్చు.