సోలో ముగిసిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి తీరాలా?

మూడో వరస:
వచ్చే నెల మా నగరంలో జాజ్ కచేరీలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెండింటికి టికెట్లు కొన్నాను. ఒకటి నేలమాళిగలోని చిన్న క్లబ్బులో పియానో, బేస్ (మంద్రంగా మోగే నిలువెత్తు తీగల వాద్యం), డ్రమ్స్ త్రయం. రెండోది పెద్ద హాల్లో బిగ్ బ్యాండ్, అంటే ట్రంపెట్లు, సాక్సోఫోన్లు నిండిన పెద్ద బృందం. వెళ్లేలోపు ఒక తగువు తేల్చుకోవాలని ఉంది. ప్రతి సోలో (పాట మధ్యలో ఒక్కొక్కరూ తమ వంతుకు అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం) ముగియగానే చప్పట్లు కొట్టే అలవాటు సంగీతానికి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా? కీడే అని నా వాదన.

పోయినసారి ఒక త్రయాన్ని వినడానికి వెళ్లాను. నెమ్మదైన పాట. పియానో ఆయన తన సోలోను ముగిస్తూ, అడగనా వద్దా అన్నట్టు మూడు స్వరాలు వదిలాడు. బేస్ వాయిస్తున్నావిడ ఆ మూడింటినే అందుకొని, తిరగేసి, కింది స్థాయిలో మొదలుపెట్టింది. ఇదంతా నాకు తెలిసింది ఆమె వేళ్లు చూడబట్టి. చెవికి ఒక్క స్వరమూ చేరలేదు, గది నిండా చప్పట్లే. అవి సద్దుమణిగేసరికి ఎనిమిది బార్లు గడిచిపోయాయి (తాళంలో బార్లండీ, మందు పోసే బార్లు కావు). ఒకరి చివరి మాటను మరొకరు అందుకోవడమే కదా ఈ సంగీతంలో అసలు ముచ్చట! సరిగ్గా ఆ అతుకు దగ్గరే మనం చప్పట్లు కొడుతున్నాం. మెచ్చుకోలు మీద నాకు కోపం లేదు. హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టు కొట్టే చప్పట్ల మీదే కోపం.

ఇత్తడి గాలి:
మూడో వరస గారూ, మీరు జాజ్‌ను ప్రార్థనా మందిరంలో కూర్చోబెడుతున్నారు. ఇది నృత్యశాలల్లో పెరిగిన సంగీతం. 1956 జూలై 7న అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. డ్యూక్ ఎల్లింగ్టన్ నడిపే బిగ్ బ్యాండ్ పని అయిపోయిందని జనం అనుకుంటున్న రోజులవి. ఆ రాత్రి టెనర్ సాక్సోఫోన్ వాయించే పాల్ గొన్జాల్వెస్ 12 బార్ల బ్లూస్ పాట మీద 27 ఆవర్తనాలు (పాట మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిరిగితే ఒక ఆవర్తనం) ఏకబిగిన వాయించాడు. మధ్యలో ఒకావిడ లేచి నాట్యం మొదలుపెట్టింది, జనం కుర్చీలెక్కి అరిచారు. ఆ అరుపులే ఊపిరి అయ్యాయి, లేకపోతే ఏడో ఆవర్తనం దగ్గరే ఆగిపోయేవాడేమో. మరుసటి నెలలో ఎల్లింగ్టన్ టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. అందరూ చేతులు కట్టుకొని కూర్చుంటే ఇదంతా జరిగేదా?

మూడో వరస:
ఆ కచేరీ రికార్డు కథలో రెండో సగం వదిలేశారు. మొదట విడుదలైన ఆల్బమ్‌లో కొన్ని భాగాలు తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించినవి. వాటికి జనం గోల విడిగా అతికించారు. 1999లో వచ్చిన కొత్త విడుదలతో గానీ అసలు కచేరీ పూర్తిగా బయటికి రాలేదు. చప్పట్లు వినబడితేనే సంగీతం బాగుందని నమ్మే అలవాటు మనకు ఎంత ముదిరిందో చూడండి.

ఇత్తడి గాలి:
అతికించింది వేరే భాగాలకు. గొన్జాల్వెస్ సోలో నిజం, దాని వెనక కేకలూ నిజం.

మూడో వరస:
అది ఒప్పుకుంటాను. కానీ ఆ కేకలు సోలో నడుస్తుండగా, తట్టుకోలేక వచ్చినవి. సోలో అయ్యాక మర్యాద కోసం కొట్టినవి కావు. మీ ఉదాహరణ నా వైపే నిలబడుతోంది.

మంద్రస్థాయి:
నేను డబుల్ బేస్ వాయిస్తాను. ఈ తగువులో నాకు స్వార్థం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

బేస్ సోలో మొదలైనప్పుడు వేదిక మీద ఏం జరుగుతుందో చెబుతాను. పియానో దాదాపు ఆగిపోతుంది. డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు తీసుకుంటాడు, లేదా హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే తాళాల జత) ఒక్కటే నొక్కుతుంటాడు. గదిలో శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా సంగీతం చాటున నడిచిన కబుర్లన్నీ బట్టబయలవుతాయి. కొందరికైతే అది మాటలకు దొరికిన విరామం. నా సోలోలో ఎవరో తన ఇంటి అద్దె గోడు మొత్తం చెప్పుకోవడం విన్నాను. ఆయన పాపం నా చప్పుడుకు గొంతు కూడా పెంచలేదు.

ఇక చప్పట్లు. 32 బార్ల పాట మీద ఒక ఆవర్తనం అయింది, ఇంకొకటి వాయించాలని ఉంది. ఆవర్తనం చివర ఊపిరి తీసుకోవడానికి కాస్త ఖాళీ వదులుతాను. ఆ ఖాళీ చూసి ఎవరో చప్పట్లు మొదలుపెడతారు, గదంతా అందుకుంటుంది. పియానో ఆయన నా సోలో అయిపోయిందనుకొని అసలు పాటలోకి వెళ్లిపోతాడు. అలా నా సగం సోలోలు శ్రోతల చేతుల్లో ముగిశాయి.

అయినా మూడో వరస గారి పక్షాన పూర్తిగా చేరలేను. బిగుసుకున్న నిశ్శబ్దం కూడా మమ్మల్ని భయపెడుతుంది, వింటున్నారో నిద్రపోతున్నారో తెలియదు. నాకు కావలసింది ముందు వరసలో ఎవరో మెల్లగా అనే ఒక్క ‘ఊఁ’. అది మంచి స్వరం పడినప్పుడే వస్తుంది, లెక్క ప్రకారం రాదు.

కొత్త చెవి:
నాకు ఇదే మొదటి నెల. సోలో ముగిసిందో లేదో నాకు తెలియనే తెలియదు. పక్కవాళ్లు కొడితే కొడుతున్నాను. ఎలా తెలుసుకోవాలి?

మంద్రస్థాయి:
వాద్యం వైపు కాక మనుషుల వైపు చూడండి. ట్రంపెట్ పెదవుల నుంచి దిగుతుంది, ఆయన ఒక అడుగు వెనక్కి వేస్తాడు, తర్వాత వాయించేవారి వైపు చూపు విసురుతాడు. ఆవర్తనం ముగుస్తుంటే డ్రమ్మర్ ఒక చిన్న ముక్తాయింపు వేస్తాడు. ఇక డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకునే చోట జాగ్రత్త. సాక్సోఫోన్ నాలుగు, డ్రమ్స్ నాలుగు, మళ్లీ సాక్సోఫోన్ నాలుగు. డ్రమ్మర్ మొదటి నాలుగు కాగానే చప్పట్లు కొడితే సంభాషణలో అడ్డుపడినట్టే. చివరిదాకా ఆగండి.

ఇత్తడి గాలి:
మంద్రస్థాయి గారి మాటకు విలువిస్తాను, కానీ శబ్దమంటేనే శత్రువన్నట్టు మాట్లాడకండి. 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ త్రయం వాయించినది వినండి. గ్లాసుల గలగల, వెనక బల్లల దగ్గర నవ్వులు, అక్కడక్కడా పలచని చప్పట్లు, అన్నీ టేపులో ఉన్నాయి. అవి తీసేస్తే ఆ గది మిగలదు.

మంద్రస్థాయి:
ఆ రోజు బేస్ వాయించిన స్కాట్ లఫారోకు 25 ఏళ్లు. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, కారు ప్రమాదంలో పోయాడు. అందుకే ఆ గ్లాసుల చప్పుడును కూడా ఇవాళ ప్రేమగా వింటున్నాం. అతనికి ఆ రోజు అవి ఎలా వినిపించాయన్నది వేరే సంగతి. మరో బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ 1960లో శ్రోతలే లేని స్టూడియోలో రికార్డు చేస్తూ కూడా క్లబ్బులో ఉన్నట్టు ఊహించుకొని, చప్పట్లు వద్దు, గ్లాసుల్లో మంచుముక్కలు ఆడించవద్దు అని లేని జనాన్ని మందలించాడు. మా జాతి అంతే లెండి.

నల్లమెట్లు:
ఒక్క మాట. ఒంటరి పియానో కచేరీలో ఈ గొడవే లేదు. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ నగరంలో కీత్ జారెట్ వాయించిన మొదటి భాగం 26 నిమిషాలు. దాదాపు 1,400 మంది ఉన్న నాటకశాలలో మధ్యలో చప్పట్లకు చోటే దొరకలేదు. చోటు ఇవ్వాలా వద్దా అన్నది వాయించేవారి చేతిలోనూ ఉంది.

మూడో వరస:
బిగ్ బ్యాండ్ సంగతిలో ఇత్తడి గాలి గారికి లొంగిపోతున్నాను. అక్కడ సోలో వాయించేవారు కుర్చీలోంచి లేచి నిలబడతారు, పదిహేను మంది వెనక మోగుతుంటారు. వెయ్యిమంది కొట్టినా ఏదీ మునిగిపోదు. త్రయం దగ్గర మాత్రం నా పట్టు వదలను, పాట చివరిదాకా చేతులు జేబులోనే ఉంటాయి. మంద్రస్థాయి గారూ, ఆ రాత్రి త్రయానికి రెండు సెట్లు (విడతలు) ఉన్నాయి, టికెట్ ఇంకా మార్చుకోవచ్చు. దేనికి రమ్మంటారు?

మంద్రస్థాయి:
రెండో సెట్టుకు. మొదటి సెట్టులో గది నిండా జనం, వాద్యాలు ఇంకా గదికి అలవాటు పడుతుంటాయి. రెండోదానికి కబుర్ల కోసం వచ్చినవాళ్లు సగం మంది వెళ్లిపోతారు. వీలైతే బేస్ వైపు కూర్చోండి. చప్పట్లు కొట్టకపోయినా ‘ఊఁ’ అనడం మాత్రం మరిచిపోకండి.