‘సెల్ఫ్’, ‘దిస్’: వీటికి ‘తన’ అందామా?

మా కోవూరులో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలు నలుగురు నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. పైథాన్‌లో ‘సెల్ఫ్’ దగ్గరా, జావాస్క్రిప్ట్‌లో ‘దిస్’ దగ్గరా ప్రతిసారీ బండి ఆగిపోతోంది. ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) ఏ వస్తువు కోసం నడుస్తోందో, ఆ వస్తువును లోపలి నుంచి సూచించే మాటలివి. ‘సెల్ఫ్’ను ‘స్వయం’ అని చెప్పి చూశాను, ‘దిస్’ను ‘ఇది’ అని చెప్పి చూశాను. రెండూ పిల్లలకు ఎక్కలేదు. ఇప్పుడు రెండింటికీ ‘తన’ అంటున్నాను, ఆ మాటే సరైనదని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను, తప్పుంటే దిద్దండి.

ఈ రెండు వాక్యాలు చూడండి.

మామ అల్లుడికి తన పొలం చూపించాడు.
అల్లుడు మామకు తన పొలం చూపించాడు.

‘తన పొలం’ అన్న ముక్కలో ఒక్క అక్షరం మారలేదు. పొలం మాత్రం చేతులు మారింది. కర్త ఎవరైతే పొలం వాళ్లది. ‘తన’కు సొంతంగా మనిషంటూ లేడు, వాక్యం ఎవరిని ఇస్తే వాళ్లే. ‘ఇది’ అలా కాదు, వేలు పెట్టి ఒక వస్తువును చూపించాల్సిందే.

దీంతో నాకు పనిపడింది మా చిన్నాన్న ధాన్యం వ్యాపారం లెక్కల్లో. ఆయనకు మూడు విండోలతో ఒక ప్రోగ్రాం రాసిచ్చాను: కొనుగోలు, అమ్మకం, నిల్వ. మూడింట్లోనూ పైన వరసలు, కింద మొత్తం. మొదట్లో ఏ విండోకు ఆ విండోకు మొత్తం వేసే ఫంక్షన్ విడివిడిగా రాశాను. కొన్నాళ్లకు ఆయన, ‘కిలోలు సరే, పుట్లలో కూడా చూపించరా’ అన్నాడు. మన నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు గదా, 14 పుట్లంటే 11,900 కిలోలు. రెండు విండోల్లో మార్చాను, మూడోది మర్చిపోయాను. నిల్వ విండో కిలోల్లోనే ఉండిపోయింది. వారం రోజులు ఆయన ఆ అంకెను పుట్లనుకుని చూసి కంగారు పడ్డాడు.

అప్పుడు మూడు ఫంక్షన్లూ తీసేసి ఒకటే రాశాను: మొత్తం(తన). అది ‘తన.వరసలు’ కూడి ‘తన.అడుగు_గడి’లో రాస్తుంది. అంతే. కొనుగోలు.మొత్తం() అని పిలిస్తే కొనుగోలు వరసలు, అమ్మకం.మొత్తం() అని పిలిస్తే అమ్మకం వరసలు. ‘తన’ అన్న మాట ఉండబట్టే ఒక్క ఫంక్షన్ మూడు ఇళ్లకూ చాకిరీ చేస్తోంది.

పైన రాసింది ఊరికే ఉదాహరణ కాదు, పైథాన్‌లో నిజంగా నడుస్తుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. పైగా ‘సెల్ఫ్’ ఆ భాషలో రిజర్వు చేసిన మాట కాదు, అలవాటుగా వస్తున్న పేరు మాత్రమే. దాని చోట ‘తన’ అని పెడితే ఏ ఇబ్బందీ లేదు. (ఒక్క జాగ్రత్త. పేర్లలో ‘రిపోర్ట్‌లు’ లాంటివి పెట్టకండి. పొల్లు విడిగా నిలబడడానికి మనం టైప్ చేసేటప్పుడు మధ్యలో కనబడని అక్షరం ఒకటి చేరుతుంది, పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది.)

ఇంకో సంగతి. కొనుగోలు.మొత్తం() లో చుక్కకు ముందున్నది కర్త. ‘కొనుగోలు తన మొత్తం వేస్తుంది’ అని చదువుకోవచ్చు. పిల్లల చేత అలాగే పైకి చదివిస్తున్నాను.

జావాస్క్రిప్ట్‌లో చిక్కు వచ్చేది ఇక్కడే. కొనుగోలు.మొత్తం అన్న ఫంక్షన్‌ను పిలవకుండా, తీసుకెళ్లి ఒక బటన్‌కు అప్పగించామనుకోండి, చుక్క ముందున్న కర్త వెనకే ఉండిపోతుంది. బటన్ నొక్కినప్పుడు కర్త బటన్ అవుతుంది. బటన్ తన వరసలు వెతుక్కుంటుంది. బటన్‌కు వరసలెక్కడివి? పైథాన్‌లో అదే పని చేస్తే కర్తను వెంటబెట్టుకునే వస్తుంది, అందుకే పైథాన్ పిల్లలు జావాస్క్రిప్ట్‌కు వచ్చి బోల్తా పడతారు.

ఈ కర్తను ముందే జత చేసి పంపడాన్ని ‘బైండ్’ అంటారు. దీనికి మంచి మాట కావాలి. మీరేమంటారు?

■ కావలి నుంచి తెలుగు మాస్టారు

‘తన’ బాగుంది. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థక సర్వనామం అంటాం. ఫంక్షన్ ఎవరి తరఫున నడుస్తోందో దాన్ని ‘కంటెక్స్ట్’ అంటారట, మీరు ఆ ఊసు ఎత్తలేదు గానీ దానికి మాట మన పరీక్ష పేపర్లోనే ఉంది. ‘సందర్భసహిత వ్యాఖ్య రాయండి’ అని వాక్యం ఒకటి ఇస్తాం. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో రాయకపోతే అర్థం ఎంత చక్కగా రాసినా మార్కులు పడవు. సందర్భం అంటే అదే.

■ జవాబు

మాస్టారూ, ఇది నాకు తట్టనే లేదు. పదో తరగతి దాకా రాసిన ప్రశ్నే గదా! ‘సందర్భం చెప్పకుండా ఫంక్షన్‌ను పంపితే మార్కులు పోతాయి’ అని రేపే పిల్లలకు చెప్తాను.

■ నెల్లూరు నుంచి ఒక అక్క

ఒక అనుమానం. మేం మాటల్లో ‘తను ఇంకా రాలేదు’, ‘తన నంబర్ ఉందా?’ అంటాం. అక్కడ ‘తను’ అంటే కర్త కాదు, ఆమె అనో అతను అనో. పిల్లలు ఆ అర్థం తీసుకుంటే?

■ జవాబు

అక్కా, నిజమే, ఈ వాడుక నేనూ రోజూ వాడతాను. ‘తన నంబర్ ఉందా?’ అన్నప్పుడు ఆ ‘తన’ ఎవరో వాక్యంలో లేదు, మనం అంతకుముందు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో వాళ్లు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు ఎవరో తెలియదు. జావాస్క్రిప్ట్‌లో కర్త లేకుండా ఫంక్షన్‌ను పిలిచినప్పుడూ ఇదే అవస్థ. పాత పద్ధతిలో అయితే ‘దిస్’ వెళ్లి బ్రౌజర్‌లోని ఊరుమ్మడి వస్తువు మీద పడుతుంది, తప్పుల్ని కఠినంగా పట్టే స్ట్రిక్ట్ మోడ్‌లో అయితే ఎవరూ లేరని ఎర్రర్ వస్తుంది. కాబట్టి మీరు చెప్పింది అడ్డంకి కాదు, ‘తన’కు తోడే. ‘తనదాకా వస్తే గానీ తెలియదు’ అంటాం, అందులో ఎవరి పేరూ లేదు, ఎవరికి వస్తే వాళ్లే. అయినా ఫంక్షన్ లోపల ‘తను’ అని ఒంటరిగా వాడకుండా ‘తన వరసలు’, ‘తన గడి’ అని వస్తువుతో కలిపే రాయిస్తాను.

■ ఒంగోలు నుంచి ఒక తమ్ముడు

బైండ్‌కు ‘అనుసంధానం’ అనొచ్చు గదన్నా? ఆధార్‌కు అంటున్నారు.

■ జవాబు

తమ్ముడూ, అనుసంధానం అంటే రెండు విడి వస్తువుల్ని కలపడం. రెండూ ముందున్నట్టే ఉంటాయి, మధ్యలో దారి పడుతుంది. బైండ్ చేస్తే అలా కాదు. పాత ఫంక్షన్ అలాగే ఉంటుంది, కర్తతో ముడిపడిన కొత్త ఫంక్షన్ ఒకటి పుడుతుంది. అందుకే నేను ‘ముడి’ అంటాను. అప్పటికప్పుడు కర్తను చెప్పి పనిచేయించేది ‘కాల్’, అది పిలుపు. ముందే కర్తను కట్టి, పిలుపు తర్వాతెప్పుడో వచ్చేట్టు పెట్టేది ముడి. 2009లో ఎక్మాస్క్రిప్ట్ 5 అనే భాషా ప్రమాణంతో ‘బైండ్’ జావాస్క్రిప్ట్‌లోకి వచ్చింది. ఒకసారి ముడి వేసిన ఫంక్షన్‌కు ఇంకోసారి ఇంకో కర్తతో ముడి వేసినా మొదటి కర్తే ఉంటాడు. ‘కాల్’తో పిలిచినా మారడు. బ్రహ్మ వేసిన ముడి అది. ‘అనుసంధానం’లో ఈ బిగువు రాదు.

తప్పుగా వేసిన ముడికీ మనకు మాట ఉంది, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం. అది నేను చేసిన పనే. చిన్నాన్న ప్రోగ్రాంలో మూడు విండోలకూ బటన్లు లూప్‌లో తయారుచేశాను, ఒక్కో బటన్‌లో చిన్న లాంబ్డా (పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్) పెట్టి. కొనుగోలు బటన్ నొక్కినా నిల్వ మొత్తమే మారుతోంది, అమ్మకం నొక్కినా నిల్వే. రెండు రాత్రులు పట్టింది తెలియడానికి. లాంబ్డా ఆ విండోను పట్టుకోలేదు, విండో పేరును పట్టుకుంది. బటన్ నొక్కేసరికి లూప్ అయిపోయి ఆ పేరు ఆఖరి విండో దగ్గర ఆగి ఉంది. లాంబ్డా తీసేసి విండో.మొత్తం అని బ్రాకెట్లు లేకుండా ఇచ్చాను, లూప్ తిరుగుతున్నప్పుడే ముడిపడింది. ఎవరి మొత్తం వాళ్లకు వచ్చింది.

■ ఒంగోలు తమ్ముడు

మరి బాణం గుర్తు (=>)తో రాసే యారో ఫంక్షన్‌కు ముడి అక్కర్లేదు గదన్నా?

■ జవాబు

అక్కర్లేదు. 2015లో వచ్చిన ఆ ఫంక్షన్‌కు తనదైన ‘తన’ లేదు, ఎక్కడ రాశామో అక్కడి ‘తన’నే తీసుకుంటుంది. దీనికీ మన వాక్యం ఉంది.

అల్లుడు వచ్చి తన పొలం చూశాడని మామ చెప్పాడు.

పొలం ఎవరిది? లోపలి వాక్యం కర్తను పట్టుకుంటే అల్లుడిది, అది మామూలు ఫంక్షన్. బయటి వాక్యం కర్తను పట్టుకుంటే మామది, అది యారో ఫంక్షన్. జావాస్క్రిప్ట్‌లో ఏది కావాలో గుర్తు పెట్టి రాయొచ్చు. మనం మాట్లాడేటప్పుడు పొలం మామదేనని తేల్చడానికి మీ వైపు ఎట్లా అంటారు, మాస్టారూ? సోమవారం యారో ఫంక్షన్ పాఠం ఉంది, అప్పటికి ఆ వాక్యం దొరికితే బోర్డు మీద అదే రాస్తాను.